పసుపు సారాన్ని లిపిడ్ నానోరేణువుల్లో నింపి గాయంపై పరీక్షించిన కేసు: ఫలితంలో వాహకం వాటా ఎంత?

కేసు నేపథ్యం

పైపొరలు దెబ్బతిన్నప్పటికీ ఇన్‌ఫెక్షన్ సోకని గాయాలపై పూయడానికి ఒక జెల్‌ను రూపొందించే పని మా ఫార్ములేషన్ బృందానికి వచ్చింది. అందులో మందుగా పసుపు కొమ్ముల నుంచి తీసిన కర్క్యుమినాయిడ్ల (కర్క్యుమిన్, దాని దగ్గరి పదార్థాల) సారం ఉండాలని, ఆ సారం నానో పరిమాణంలోని లిపిడ్ (కొవ్వు) రేణువులనే వాహకం లోపల ఇమిడి ఉండాలని పని అప్పగించినవారు ముందుగానే నిర్ణయించారు. ఆ నిర్ణయానికి ప్రతిపాదనలో చూపిన కారణం ఒక్కటే: రేణువులు నానో పరిమాణంలో ఉంటే మందు చర్మంలోకి లోతుగా చొచ్చుకుపోతుంది. మేము పని మొదలుపెట్టిన చోటు ఆ వాక్యమే, ఎందుకంటే ఈ రంగంలో చాలా ప్రతిపాదనలు అదే వాక్యంపై నిలబడి ఉంటాయి, గాయం విషయంలో మాత్రం అది సరిగ్గా అతకదు.

చర్మంలోకి మందు వెళ్లకుండా అడ్డుకునేది అన్నిటికంటే పైన ఉండే మృతకణాల పొర. చెక్కుచెదరని చర్మం గుండా 500 డాల్టన్లకు (అణుభారం కొలమానం) మించిన అణువులు సులువుగా దాటలేవన్నది 2000 సంవత్సరం నుంచి చర్మ ఔషధ నిపుణులు వాడుతున్న కొలబద్ద. కర్క్యుమిన్ అణుభారం 368 మాత్రమే. పైగా తెరుచుకున్న గాయంలో ఆ పొరే ఉండదు. అందువల్ల అక్కడ లోపలికి ప్రవేశించడం అసలు సమస్య కాదు. ప్రవేశించిన మందు పాడవకుండా, స్రావంతో పాటు కొట్టుకుపోకుండా, పని చేయగల రూపంలో కొన్ని గంటలపాటు నిలవడం సమస్య.

కర్క్యుమిన్ ఈ మూడు విషయాల్లోనూ బలహీనమైనదే. నీటిలో అది దాదాపు కరగదు. ఆరోగ్యంగా ఉన్న చర్మం ఉపరితలం పీహెచ్ 4 నుంచి 6 మధ్య ఆమ్లగుణంతో ఉంటుంది కానీ, తెరుచుకున్న గాయంలోకి కణజాల ద్రవం ఊరడంతో అది 7.4 వైపుకు పెరుగుతుంది, దీర్ఘకాలిక పుండ్లలో 8 దాటడమూ ఉంది. సీరం (రక్తంలోని ద్రవభాగం) కలపని ఫాస్ఫేట్ బఫర్‌లో, అంటే పీహెచ్‌ను మారకుండా ఉంచే ద్రావణంలో, పీహెచ్ 7.2 వద్ద, 37 డిగ్రీల సెల్సియస్‌లో ఉంచిన కర్క్యుమిన్ అరగంటలో దాదాపు 90 శాతం విచ్ఛిన్నమవుతుందని 1997లో ప్రచురితమైన పరిశోధన చూపింది. సీరం ప్రోటీన్లు ఉన్నప్పుడు ఈ విచ్ఛిన్నత బాగా నెమ్మదిస్తుంది కాబట్టి గాయంలోని అసలు పరిస్థితి ఈ రెండింటి మధ్య ఉంటుందని భావించాం. ఆమ్ల మాధ్యమంలో మాత్రం అది చాలా స్థిరంగా ఉంటుంది.

గాయానికి పసుపు వాడడం కొత్త విషయం కాదన్నది చట్టపరంగా కూడా తేలిన సంగతి. గాయాలు మాన్పడానికి పసుపు వాడకంపై 1995లో అమెరికాలో మంజూరైన పేటెంటును భారత ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ సవాలు చేయడంతో అది 1997లో రద్దయింది. కనుక ఇలాంటి ఉత్పత్తిలో కొత్తదనం ఏదైనా ఉంటే అది వాహకంలోనే ఉండాలి, దాన్ని నిరూపించాల్సిన బాధ్యతా వాహకం మీదే ఉండాలి. ఈ కేసులో మేము అడిగిన ప్రశ్న పసుపు పనిచేస్తుందా అన్నది కాదు; అదే మోతాదులో ఉన్న మామూలు సారంతోనూ, సారం లేని ఖాళీ వాహకంతోనూ పోల్చినప్పుడు, సారం నింపిన వాహకం అదనంగా ఏం చేస్తుందన్నది.

ముడిసారం

మొక్కల సారంపై చేసే నానో పనుల్లో ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యే దశ ఇదే. వాణిజ్యపరంగా దొరికే కర్క్యుమిన్ ఒకే పదార్థం కాదు. అందులో స్థూలంగా 77 శాతం కర్క్యుమిన్, 17 శాతం డీమెథాక్సీ కర్క్యుమిన్, 3 శాతం బిస్‌డీమెథాక్సీ కర్క్యుమిన్ ఉంటాయి. ఈ మూడింటి స్థిరత్వం ఒకటి కాదు, డీమెథాక్సీ రూపాలు కర్క్యుమిన్ కంటే నెమ్మదిగా విచ్ఛిన్నమవుతాయి. వాటి నిష్పత్తి బ్యాచ్‌కూ బ్యాచ్‌కూ మారితే, రేణువుల నుంచి మందు బయటికి వచ్చే వేగాన్ని చూపే విడుదల గ్రాఫు కూడా మారుతుంది, ఆ మార్పును వాహకం ఘనతగానో లోపంగానో పొరబడే ప్రమాదం ఉంటుంది. అందువల్ల మూడింటినీ మిశ్రమంలోని పదార్థాలను వేరుచేసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ పద్ధతితో విడివిడిగా కొలిచి, ఒక్కొక్కదానికీ హద్దులు నిర్ణయించి, ఆ హద్దుల్లో ఉన్న సారాన్నే పని మొత్తానికి వాడాం. సుగంధ తైల భాగాన్ని తొలగించిన సారాన్నే ఎంచుకున్నాం, ఎందుకంటే ఆ తైలంలోని టర్మెరోన్లనే పదార్థాలకు వాటి సొంత జీవక్రియా ప్రభావాలు ఉన్నాయి.

పసుపు రంగు పెంచడానికి లెడ్ క్రోమేట్ కలిపే కల్తీ పలుచోట్ల బయటపడింది కనుక సీసం, క్రోమియం పరీక్షలు తప్పనిసరి చేశాం. భూమిలో పెరిగే కొమ్ము కావడంతో బ్యాక్టీరియా స్పోర్లు (గట్టి పొర కట్టుకున్న నిద్రాణ రూపాలు) వెంట వస్తాయి, మామూలు వేడికి అవి చావవు. సారం తీయడానికి ఇథనాల్ వాడాం. అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం అది తక్కువ ప్రమాదమున్న మూడో తరగతి ద్రావణి, దాని అవశేషానికి సాధారణ పరిమితి 5000 పీపీఎం (పది లక్షల్లో 5000 భాగాలు).

వాహకం ఎంపిక, తయారీ

లైపోజోమ్‌లు (లోపల నీటి గది, చుట్టూ లిపిడ్ పొర ఉన్న బుడగలు), పాలిమర్ నానోరేణువులు, ఘన లిపిడ్ నానోరేణువులు, ద్రవ నూనె కూడా కలిసిన లిపిడ్ నానోరేణువులు మా ముందు ఉన్న దారులు. లైపోజోమ్‌లో కర్క్యుమిన్ లాంటి నూనెప్రియమైన అణువు లోపలి నీటి గదిలో కాక పొరలోనే ఇరుక్కుంటుంది, కాబట్టి ఎంత లిపిడ్ వాడితే అంతకు తగ్గ మందే పడుతుంది. పాలిమర్ రేణువుల తయారీకి సాధారణంగా సేంద్రియ ద్రావణులు కావాలి, అవి తెరుచుకున్న గాయంలో మిగలకుండా చూడడం అదనపు భారం. పూర్తిగా ఘన లిపిడ్‌తో చేసిన రేణువులు చల్లారాక నెమ్మదిగా మరింత క్రమబద్ధమైన స్ఫటికరూపానికి మారతాయి, ఆ క్రమంలో లోపల చోటు తగ్గి మందు బయటికి నెట్టబడుతుంది. ద్రవ నూనె కలిస్తే ఆ స్ఫటిక అమరిక అసంపూర్ణంగా ఉండిపోయి మందుకు చోటు మిగులుతుంది. చివరికి ఈ దారినే తీసుకున్నాం.

ఘన లిపిడ్‌గా గ్లిసరిల్ బెహనేట్, ద్రవ నూనెగా మధ్యస్థ గొలుసు ట్రైగ్లిసరైడ్లు, రేణువులను నిలిపి ఉంచడానికి లెసిథిన్, పాలీసార్బేట్ 80 వాడాం. ఒలీయిక్ ఆమ్లాన్ని కావాలనే పక్కన పెట్టాం: ఈ తరహా రేణువుల్లో దాన్ని విరివిగా వాడతారు, కర్క్యుమిన్‌నూ బాగానే పట్టుకుంటుంది, కానీ అది స్వయంగా శోథ (వాపు, ఎరుపు తెచ్చే ప్రతిచర్య) కణాలను ప్రభావితం చేయగల కొవ్వు ఆమ్లం. దాన్ని వాడి ఉంటే ఖాళీ వాహకం కూడా ఒక మందు అయ్యేది, తరువాతి పోలికలు మసకబారేవి.

సారాన్ని కరిగిన లిపిడ్‌లో కలిపి, సిట్రేట్ బఫర్‌తో ఆమ్లంగా ఉంచిన వేడి నీటి భాగంలో చిలికి, ఆ ఎమల్షన్‌ను అధిక పీడన హోమోజెనైజర్ గుండా పంపి చల్లార్చాం. శబ్ద తరంగాలతో రేణువులను పగలగొట్టే ప్రోబ్ సోనికేటర్ అందుబాటులో ఉన్నా వాడలేదు. దాని కొన నుంచి రాలే టైటానియం రేణువులు గాయంపై పూసే ఉత్పత్తిలోకి చేరకూడదు, చిన్న పాత్రలో వచ్చిన పరిమాణం పెద్ద బ్యాచ్‌లో మళ్లీ వస్తుందన్న భరోసా కూడా ఉండదు. పని అంతా ముదురు రంగు దీపాల కింద, నత్రజని పొర కింద సాగింది, ఎందుకంటే కర్క్యుమిన్‌కు వెలుతురు, ఆక్సిజన్ రెండూ పడవు.

కొలతల్లో దాగే చిక్కులు

రేణువుల సగటు పరిమాణం 200 నానోమీటర్లకు లోపు, రేణువుల మధ్య పరిమాణ తేడాను చెప్పే విస్తృతి సూచిక 0.3 లోపు ఉండాలని లక్ష్యం పెట్టుకుని దాన్ని అందుకున్నాం. రేణువుల ఉపరితల విద్యుదావేశాన్ని సూచించే జీటా పొటెన్షియల్ 30 మిల్లీవోల్టుల కంటే తక్కువగా వచ్చిందని, రేణువులు కలిసిపోకుండా ఉండాలంటే అంత ఉండాలని ఒక సమీక్షకుడు అభ్యంతరం చెప్పారు. కానీ ఆ సూత్రం విద్యుదావేశంతో మాత్రమే విడివిడిగా నిలిచే రేణువులది. పాలీసార్బేట్ లాంటి పదార్థం రేణువు చుట్టూ భౌతికంగా అడ్డుగా నిలిచినప్పుడు తక్కువ విలువతో కూడా అవి కలిసిపోకుండా ఉండగలవు. అందుకే ఆ అంకెను పక్కన పెట్టి, నిల్వలో పరిమాణం మారుతోందా అన్నదే గమనించాం.

అసలు జాగ్రత్త అవసరమైనది రేణువుల లోపల ఎంత మందు ఇమిడిందన్న లెక్కలో. మామూలు పద్ధతిలో ద్రవాన్ని సన్నని వడపోత పొర ఉన్న గొట్టంలో పోసి తిప్పుతారు. కిందికి దిగిన నీటిలో ఉన్న మందును విడిగా ఉన్నదిగా, మిగతాదంతా రేణువుల్లో ఉన్నదిగా లెక్కిస్తారు. నీటిలో కరిగే మందుకు ఇది సరిపోతుంది. కర్క్యుమిన్ నీటిలో కరగదు కాబట్టి రేణువుల్లోకి చేరనిది స్ఫటికాలుగా విడిపోతుంది, ఆ స్ఫటికాలు వడపోత పొర దాటలేక పైనే ఆగిపోతాయి, అవి కూడా ఇమిడిన మందు ఖాతాలోకి వెళ్తాయి. ఈ పద్ధతిలో రేణువులు ఎంత పేలవంగా ఉన్నా 99 శాతం ఇమిడిందన్న అంకె వస్తుంది. పత్రాల్లో ఆ అంకె కనిపించినప్పుడల్లా పద్ధతిని వెతికి చూడడం నాకు అలవాటు. మేము ముందుగా తక్కువ వేగంతో తిప్పి బరువైన స్ఫటికాలను అడుగుకు దింపి, వాటిని ఇథనాల్‌లో కరిగించి కొలిచి, పైన మిగిలిన ద్రవాన్ని ధ్రువిత కాంతి సూక్ష్మదర్శిని కింద స్ఫటికాల కోసం వెతికాం. మొత్తం వేసిన మందుకూ, విడివిడిగా దొరికిన భాగాల కూడికకూ లెక్క కుదిరాకే ముందుకు వెళ్లాం. ఈ లెక్క ప్రకారం సారం మోతాదును మొదట అనుకున్నదానికంటే తగ్గించాల్సి వచ్చింది.

విడుదల పరీక్షలోనూ ఇలాంటి చిక్కే ఉంది. రేణువులను ఆపి మందును మాత్రం బయటికి వదిలే డయాలిసిస్ సంచిలో నమూనా ఉంచి బయట ఉత్త ఫాస్ఫేట్ బఫర్ పోస్తే, బయటికి వచ్చిన కర్క్యుమిన్ అందులో కరగలేక ఆగిపోతుంది, కరిగిన కొద్దిపాటి భాగం విచ్ఛిన్నమై కనిపించకుండా పోతుంది. గ్రాఫు నెమ్మదిగా పైకి లేస్తుంది, దాన్ని నియంత్రిత విడుదల అని రాసుకుంటారు. ఆ నెమ్మది వాహకానిది కాదు, పరీక్ష పాత్రది. బయటి ద్రవంలో మందు ఎప్పుడూ సంతృప్త స్థాయికి చాలా దిగువన ఉండేలా, దాన్ని కరిగించి ఉంచే సబ్బులాంటి సర్ఫాక్టెంట్ కలిపి, ఆక్సీకరణను ఆపడానికి ఆస్కార్బిక్ ఆమ్లం చేర్చి, సంచి పొరకు అంటుకున్న మందును కూడా చివర్లో కడిగి కొలిచాం. సారాన్ని ఇథనాల్‌లో కరిగించి అదే సంచిలో పోసిన నమూనాను పక్కనే నడిపాం. ఆ పోలికలో వాహకం విడుదలను నిజంగానే నెమ్మదింపజేసింది, అయితే ఉత్త బఫర్‌లో కనిపించినంత కాదు.

స్థిరత్వ పరీక్షలో మాత్రం తేడా స్పష్టంగా, పెద్దగా కనిపించింది. పీహెచ్ 7.4 బఫర్‌లో మామూలు సారం రంగు కోల్పోయి పోతుండగా రేణువుల లోపలి సారం చాలావరకు నిలిచింది. నా దృష్టిలో ఈ వాహకం చేసే అతి ముఖ్యమైన పని ఇదే. నానో పరిమాణం గురించి చెప్పే మిగతా మాటలన్నీ దీని తరువాతివి.

జెల్, శుభ్రత

ద్రవరూపంలో ఉన్న రేణువులు గాయంపై నిలవవు కాబట్టి జెల్ కావాలి. జెల్ తయారీకి వాడే కార్బోమర్ చిక్కబడాలంటే క్షారంతో తటస్థీకరించాలి, ఆ పీహెచ్ కర్క్యుమిన్‌కు పడదు. కైటోసాన్ ఆమ్ల మాధ్యమంలోనే కరుగుతుంది, ఆ లెక్కన సరిపోతుంది. కానీ దానికి ధనావేశం ఉండడంతో మా రేణువులు దానితో గడ్డకట్టాయి. పైగా కైటోసాన్ స్వయంగా రక్తస్రావాన్ని ఆపుతుంది, బ్యాక్టీరియాను నిరోధిస్తుంది. అలాంటి జెల్‌లో కలిపాక వచ్చిన మంచి ఫలితం ఎవరిదో తేల్చడం కష్టం. ఆవేశం లేని హైడ్రాక్సీఈథైల్ సెల్యులోజ్‌ను పీహెచ్ 5.5 వద్ద వాడాం.

తెరుచుకున్న గాయంపై పూసేది సూక్ష్మజీవరహితంగా ఉండాలి. ఆటోక్లేవ్ వేడికి లిపిడ్ కరిగి రేణువులు కలిసిపోతాయి, గామా కిరణాలు లిపిడ్‌ను ఆక్సీకరిస్తాయి, తయారైన రేణువులను 0.22 మైక్రోమీటర్ల వడపోత గుండా పంపితే అది పూడుకుపోతుంది. అందువల్ల కరిగిన లిపిడ్ భాగాన్నీ, నీటి భాగాన్నీ కలపకముందే విడివిడిగా వడపోసి, ఆ తరువాతి పనంతా శుద్ధ వాతావరణంలో చేశాం. ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా వదిలే విషపదార్థం) పరీక్షలో కూడా పసుపు రంగు అడ్డొస్తుంది: రంగు ఆధారిత పద్ధతి 405 నానోమీటర్ల వద్ద చదువుతుంది, కర్క్యుమిన్ 425 ప్రాంతంలో కాంతిని గట్టిగా పీల్చుకుంటుంది. గడ్డకట్టే పద్ధతికి మారి, తెలిసిన మోతాదులో ఎండోటాక్సిన్ కలిపి అది సరిగ్గా బయటపడుతోందని నిర్ధారించుకున్నాం.

జీవకణాలపై పరీక్షలు

బతికున్న కణాలు ఒక రంజకం రంగును మార్చడంపై ఆధారపడే ఎంటీటీ పరీక్షను జీవకణాల మనుగడకు ప్రమాణంగా వాడతారు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం మనుగడ 70 శాతం కంటే తగ్గితే ఆ పదార్థాన్ని విషపూరితంగా పరిగణిస్తారు. అయితే కర్క్యుమిన్ వంటి పాలీఫినాల్‌లు జీవకణాలు లేకపోయినా ఎంటీటీ రంగును స్వయంగా మార్చగలవు. కర్క్యుమిన్ ఇలా అనేక పరీక్షలను తప్పుదోవ పట్టించే అణువని, ఆశాజనకంగా కనిపించిన ప్రయోగశాల ఫలితాలు మనుషులపై సరైన నియంత్రణ ఉన్న పరీక్షల్లో నిలబడలేదని 2017లో వెలువడిన ఒక విస్తృత సమీక్ష గట్టిగా చెప్పింది. ఆ విమర్శను కొట్టిపారేయడం కంటే దానికి జవాబిచ్చేలా పరీక్షలను మలచడం మేలని నేను నమ్ముతాను. పరీక్ష పలకలో జీవకణాలు లేని గుంతలు, ఖాళీ రేణువులు, మామూలు సారం అన్నీ పక్కపక్కనే ఉంచి, మనుగడను జన్యుపదార్థ పరిమాణంతో రెండోసారి కొలిచాం. కర్క్యుమిన్ ఆకుపచ్చగా మెరుస్తుంది కాబట్టి ఆ రంగులో మెరిసే సూచికలేవీ వాడలేదు.

కణాల పొరపై గీత గీసి అది పూడుకునే వేగాన్ని చూసే పరీక్షలో ఫైబ్రోబ్లాస్ట్‌లు (గాయాన్ని పూడ్చే కణజాలాన్ని తయారుచేసే కణాలు) కదలడం వల్ల పూడిందా, సంఖ్య పెరగడం వల్ల పూడిందా అన్నది విడదీయడానికి విభజనను ఆపే మైటోమైసిన్ వాడాం. తేలినదేమిటంటే, తక్కువ మోతాదులో సారం నింపిన రేణువులు జీవకణాలకు హాని చేయలేదు, శోథ సంకేతాలను తగ్గించాయి, కానీ కదలికను పెంచలేదు. ఎక్కువ మోతాదులో కర్క్యుమిన్ ఫైబ్రోబ్లాస్ట్‌లనే చంపుతుంది. కనుక ఎక్కువ మందును లోపలికి చేర్చడం ఈ ఉత్పత్తికి గుణం కాదు.

జంతువులపై గాయ పరీక్ష

జంతు ప్రయోగాల నైతిక సమితి అనుమతితో ఎలుకలపై పరీక్ష జరిగింది. ఎలుక చర్మం కింద పలుచని కండర పొర ఉండడంతో దాని గాయం ఎక్కువగా అంచులు ముడుచుకుని మూసుకుంటుంది. మనిషి గాయం ప్రధానంగా కొత్త కణజాలం నిండి, పైన కొత్త చర్మం పాకి మానుతుంది. ముడుచుకోకుండా గాయం చుట్టూ సిలికాన్ వలయం కుట్టాం. ఒక జంతువును ఒకే ప్రయోగ ప్రమాణంగా తీసుకున్నాం, ఎందుకంటే ఒకే ఎలుకపై ఉన్న రెండు గాయాలు పరస్పరం స్వతంత్రమైనవి కావు, ఒకదానిపై పూసినది నాకడం వల్ల మరొకదానికి చేరుతుంది.

జంతువులను ఐదు వర్గాలుగా విడదీశాం: మామూలు కట్టు మాత్రమే ఉన్నవి, ఉత్త జెల్ పూసినవి, ఖాళీ రేణువులున్న జెల్ పూసినవి, అదే మోతాదులో మామూలు సారమున్న జెల్ పూసినవి, సారం నింపిన రేణువులున్న జెల్ పూసినవి. ఎక్కువ జంతువులు వాడాల్సి వస్తుందన్న ఆలోచనతో ఖాళీ రేణువుల వర్గాన్ని తీసేయమన్న సూచన వచ్చింది. ఆ వర్గం లేకపోతే మిగతా జంతువులన్నీ వృథా అవుతాయని వివరించి దాన్ని నిలబెట్టుకున్నాం.

పరిశీలకుడికి వర్గం తెలియకూడదన్న నియమాన్ని ఈ మందు దానంతట అదే భంగపరుస్తుంది, గాయం పసుపుగా కనిపిస్తుంది కాబట్టి. ఆ రంగు గాయం చుట్టూ ఉండే ఎరుపును కూడా కప్పేసి, శోథ తగ్గినట్టు భ్రమ కలిగిస్తుంది. అందువల్ల ఫొటోలు చూసి మార్కులు వేయడం మానేసి, గాయం అంచును పారదర్శక పలకపై గీసి, వైశాల్యాన్ని మరొకరు లెక్కించేలా చేశాం. కణజాల పరీక్షలో ఆ ఇబ్బంది లేదు. నమూనాను ఆల్కహాల్‌లో తేమ తీసే దశలోనే కర్క్యుమిన్ కడిగిపోతుంది.

ఉత్త జెల్ పూసిన గాయాలు మామూలు కట్టు ఉన్నవాటికంటే బాగా మానాయి. ఇది ఆశ్చర్యం కాదు: తేమను నిలిపే పొర కింద పంది చర్మపు గాయాలపై కొత్త చర్మం దాదాపు రెట్టింపు వేగంతో పాకుతుందని జార్జ్ వింటర్ 1962లోనే చూపారు. ఖాళీ రేణువులు ఉత్త జెల్‌తో దాదాపు సమానంగా ఉన్నాయి. మామూలు సారం కొద్దిపాటి తేడానే చూపింది. సారం నింపిన రేణువులు పూసిన గాయాల్లో తొలి దశలో శోథ కణాలు తక్కువగా, గాయాన్ని పూడ్చే ఎర్రని కణికల కణజాలం ముందుగా కనిపించాయి. కానీ గాయం పూర్తిగా మూసుకునే సమయంలో తేడా స్వల్పమే.

చర్చ, నిర్ణయం

ఇక్కడ ఒక విజయవంతమైన మొక్క సారం ఉదాహరణ గుర్తుచేసుకోవాలి. బిర్చ్ చెట్టు బెరడు నుంచి తీసిన ట్రైటర్పీన్ల జెల్‌కు, చర్మం సులువుగా ఊడిపోయే జన్యువ్యాధి ఎపిడెర్మోలిసిస్ బులోసా గాయాల కోసం, యూరప్‌లో 2022లోనూ అమెరికాలో 2023లోనూ అనుమతి లభించింది. దాని ప్రధాన పరీక్షలో ఎంచుకున్న గాయం 45 రోజుల్లోపు పూర్తిగా మూసుకున్నవారు మందు వర్గంలో 41.3 శాతం, మందు లేని జెల్ వర్గంలో 28.9 శాతం. అందులో నానో వాహకం లేదు. మందు లేని జెల్ వర్గంలోనే అంతమందికి గాయం మూసుకుందన్న విషయాన్ని మొక్కల సారాలతో పనిచేసే ప్రతి ఒక్కరూ గమనించాలి. ఆ వర్గం లేకుండా 41.3 అన్న అంకె ఒక్కటే ప్రచురితమై ఉంటే సారం ఘనత అసలుకు మూడు రెట్లకు పైగా పెద్దదిగా కనిపించేది.

మా కేసులో వాహకం వాటా స్పష్టంగానే తేలిందని నేను భావిస్తున్నాను. అది మందును లోతుకు తీసుకెళ్లలేదు, అలా తీసుకెళ్లాల్సిన అవసరమూ లేదు. గాయపు క్షారగుణం నుంచి మందును కాపాడి, తొలి దశలో శోథను అదుపు చేయగలిగేంతసేపు నిలిపింది. శోథ త్వరగా తగ్గే ఆరోగ్యకరమైన ఎలుక గాయంలో ఆ మేలు చివరి ఫలితంగా మారడానికి అవకాశం తక్కువ. శోథ దశలోనే చిక్కుకుపోయే మధుమేహపు పుండ్లలో దాని విలువ ఎక్కువ ఉండవచ్చు. కానీ ఆ పుండ్లలో బ్యాక్టీరియా పొర, రక్తప్రసరణ లోపం, పాదంపై పడే ఒత్తిడి వంటివి ముందు సరిచేయాల్సినవి, ఏ జెల్ వాటికి ప్రత్యామ్నాయం కాదు. ఆ దిశగా ఏ ప్రకటనా చేయవద్దని సిఫారసు చేశాం.

అప్పగించిన నివేదికలో చొచ్చుకుపోవడం గురించిన వాక్యాన్ని తొలగించి, స్థిరత్వం గురించిన ఫలితాన్ని ఆ స్థానంలో పెట్టాం. తరువాతి దశగా మధుమేహం కలిగించిన జంతువుల్లో అవే ఐదు వర్గాలతో, ఆ తరువాత మనిషి చర్మానికి దగ్గరగా ఉండే పంది చర్మంపై పరీక్షించాలని ప్రతిపాదించాం. బ్యాచ్ విడుదలకు పెట్టిన నిబంధనల్లో రేణువుల పరిమాణంతో పాటు, ధ్రువిత కాంతి కింద స్ఫటికాలు కనిపించకపోవడం, మూడు కర్క్యుమినాయిడ్ల నిష్పత్తి హద్దుల్లో ఉండడం, పీహెచ్ 7.4 బఫర్‌లో నిర్ణీత సమయం తరువాత మిగిలిన కర్క్యుమిన్ శాతం తప్పనిసరి అంశాలుగా చేర్చాం.